చుక్క ముట్టని ఇల్లు

"ఇంకోసారి ఊదు ధనంజయా," అన్నాడు సూపర్‌వైజర్ భరత్‌కుమార్.

రాయచెర్లు పక్కన సోలార్ పార్క్ గేటు. కుడికంటిని అరచేత్తో అదుముకుని, ధనంజయ మళ్లీ ఆ తాగుడు పట్టే మెషిన్ గొట్టంలో ఊదాడు. మెషిన్ మళ్లీ కీచుమంది. ఎర్రలైటు వెలిగింది. డ్యూటీ మారే వేళ కావడంతో సెక్యూరిటీ వాళ్లంతా అక్కడే ఉన్నారు. వాళ్లలో ఎవడో కిసుక్కున నవ్వాడు.

కొడుకును ఆ నొప్పితో ఒంటరిగా పంపలేక వెంట వచ్చిన ఓబమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఎవుడ్రా నవ్వేది? వాని కన్ను ఊడిపడేట్టుంటే మీకు నవ్వులాటగా ఉండాదా?"

"నువ్వు గమ్మునుండు పెద్దమ్మా," అన్నాడు భరత్‌కుమార్. "కన్ను ఎర్రగుండాది. నీళ్లు కారతాండాయి. నిలబడిన తావున నిలబడడు. నిన్న ఆ కంబానికి తల కొట్టుకున్నాడు. ఇది కరెంటుతో పని. తాగినోన్ని లోపలికి ఇడిస్తే రేపు ఏమన్నా అయితే నా మెడకు చుట్టుకుంటాది."

"తాగినోడా!" ఓబమ్మ ఒంటికాలి మీద లేచింది. "క్లస్టర్ తలనొప్పి అప్పా అది! తుమకూరు పెద్ద డాక్టర్ చెప్పినాడు. ఒక పక్క, కంటి ఎనకాల గునపంతో పొడిచినట్ల వస్తాది. వచ్చినోడు పడుకోలేడు, కుచ్చోలేడు. అది రాకుండా ఆపేదానికి రోజూ మాత్రలు ఇచ్చినాడు. నొప్పి ఉన్నా లేకపోయినా ఏసుకోవల్ల. నేను దగ్గరుండి మింగిస్తాండా."

"ఆ మాత్ర నేనూ చూసినా. బీపీ మాత్ర."

"బీపీకీ ఇస్తారు, దీనికీ ఇస్తారు! నువ్వేమన్నా డాక్టర్వా?"

"సరే, మాత్ర ఏసుకుంటే నొప్పి తగ్గల్ల గదా?"

తగ్గడం లేదు మరి. డాక్టర్ మోతాదు పెంచినా తగ్గలేదు. పైగా ఆయన, "తాగుతాడా? ఈ నొప్పి వచ్చే రోజుల్లో చుక్క పడినా చాలు, ఇక ఏ మాత్రా ఆపలేదు," అన్నాడు. ఓబమ్మ ఆ డాక్టర్‌తోనే జగడం పెట్టుకుని వచ్చింది. పెద్ద చదువు చదివితే మాత్రం, ఎవరిని ఏం అడగాలో తెలియొద్దా?

"అమ్మా, పోదాం పా," అన్నాడు ధనంజయ పళ్లు బిగించి. "నాకీ ఉద్యోగమే వద్దు."

"ఎందుకు పోతాం? తప్పు చేసినామా?"

కంచె వెంబడి గొర్రెలు తోలుకొస్తున్న కాటప్ప ఆ కేకలు విని వచ్చాడు. ఓబమ్మ వాళ్లుండే గొర్రెలకాపర్ల వాడకు, ఆ హట్టికి పెద్దమనిషి. విషయం విని మొహం ముడుచుకున్నాడు.

"ఓబమ్మా, మన హట్టిలోకి కల్లు రాకూడదు, సారాయి రాకూడదు. పెద్దోళ్లు పెట్టిన కట్టు. తాగినోడు హట్టి బయట ఉండాల్సిందే. నీ కొడుకైనా, నా కొడుకైనా."

ఉద్యోగం పోతే పోయింది, ఇప్పుడు ఊళ్లో తలెత్తుకు తిరిగే దారి కూడా పోయేలా ఉంది. ఓబమ్మ కాటప్ప వైపు తిరిగింది.

"ఈతచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారంట. వాడు ఈతచెట్టు నీడకు కూడా పోలేదే అన్నా! మా అత్త కాలం నుంచీ చుక్క ముట్టని ఇల్లు మాది. ఈ మెషిన్ చెడిపోయిండాది. ఇట్లియ్యి, నేను ఊదుతా. నాకూ కూస్తే నేనూ తాగినట్టేనా?"

భరత్‌కుమార్ చేతిలోంచి మెషిన్ లాక్కుని, పొయ్యి ఊదినట్టు ఊదింది.

మెషిన్ కీచుమంది. ఎర్రలైటు వెలిగింది.

అంతా గొల్లున నవ్వారు. ఈసారి నవ్వు భరత్‌కుమార్ మీద.

"చూసినారా!" ఓబమ్మ చేతులు తిప్పుతూ గేటంతా కలియతిరిగింది. "ముసలిదాన్ని, పొద్దున్నే తాగొచ్చినానంట! ఇట్లాంటి బొమ్మను పట్టుకుని నా బిడ్డ నోటికాడ కూడు తీయబోతివి గదప్పా! నీకు కండ్లు పోవా?"

"మెషిన్‌లోనే మోసముండాది," అని కాటప్ప కూడా తేల్చేశాడు. "ఓబమ్మ తాగిందంటే నేను చచ్చినా నమ్మను."

భరత్‌కుమార్ మెషిన్ వెనక్కి తీసుకున్నాడు. గొట్టం మార్చి తను ఊదాడు. మెషిన్ కూయలేదు. మళ్లీ మార్చి కాటప్పతో ఊదించాడు. కూయలేదు. పక్కన నవ్విన కుర్రాడితో ఊదించాడు. ఊహూఁ. చివరికి బతిమాలి ఓబమ్మతో ఇంకోసారి ఊదించాడు.

కీచుమంది. నవ్వులు ఆగిపోయాయి.

"పెద్దమ్మా," అన్నాడు భరత్‌కుమార్ గొంతు తగ్గించి, "పొద్దున మీరిద్దరూ ఏం తిన్నారు?"

"ఏం తింటాం? ముద్ద, ఊరిబిండి."

"అది మేమూ తిన్నాం. ఇంకా?"

"ఇంకేముంటాది? వానికి మాత్ర ఏయించి నేరుగా ఈడికే వచ్చినాం."

"మాత్ర నువ్వూ ఏసుకున్నావా?"

"నాకెందుకప్పా మాత్ర? మాత్ర వేడి. ఒట్టి నీళ్లతో మింగితే పేగులు కాలిపోతాయని మందులంగట్లో ద్రాక్షపండ్లు పులియబెట్టి చేసే ద్రాక్షారిష్టం తెచ్చిపెట్టినా. నేను బలానికని రవ్వంత తాగుతా. వానికి మాత్రం మాత్ర ఏసిన ప్రతిసారీ..." ఓబమ్మ కొడుకు కంటివైపు చూసింది. అంతసేపూ ఊరంతా వినబడిన గొంతు పీలగా అయిపోయింది. "గ్లాసు నిండా నేనే పోసి తాపించినా."