బెత్తెడు తేడా

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, పిల్లలూ. గొంతెత్తి చెప్పుకునే కథ కాదిది.

టైర్ల కొట్టు ముందు ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు ఆగింది. నేలకు కరుచుకుపోయినట్టుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నా కొత్తదానిలా మెరుస్తోంది.

ఒక కుర్రవాడు దిగాడు. వెంట స్నేహితుడు.

"వెనక టైర్లు రెండూ అరిగిపోయాయి. రేపు పొద్దున్నే ఇంకో స్నేహితుణ్ని ఎక్కించుకుని ముగ్గురం కొండ మీదికి వెళ్లాలి. ఇలాంటి కార్లకు టైర్లు మీ దగ్గరే దొరుకుతాయన్నారు."

కొట్టాయన టైరు మీది అంకెలు చూశాడు.

"సరిగ్గా ఇదే సైజు కావాలంటే పది రోజులు ఆగాలి సార్. దీనికన్నా కాస్త పెద్దది ఒక్క జత ఉంది. వేసేస్తాను."

"కాస్తంటే ఎంత?"

"పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. బండి ఇంకా దర్జాగా కనిపిస్తుంది."

కుర్రవాడు సరేనన్నాడు.

"అవి వేయకండయ్యా."

గుమ్మంలో ఒక ముసలావిడ నిలబడి ఉంది. ఎదుటి గోడ వారన సైకిళ్లకూ స్కూటర్లకూ పంక్చర్లు వేసే ఆవిడ. గోళ్ల నిండా మడ్డి, ముక్కు కింద నశ్యం చార, ఒంటి నిండా ట్యూబులు అతికే సొల్యూషన్ కంపు. మాట పూర్తికాకుండానే దగ్గు తెర వచ్చింది. స్టూలు మీద కూలబడి, దగ్గి, కొంగుతోనే మూతి తుడుచుకుంది.

కొట్టాయన భార్య ముక్కు మూసుకుంది. "దాపురించింది. ఇక బేరం జరిగినట్టే."

"నీ సైకిల్ ట్యూబులేవో నువ్వు చూసుకోరాదూ?" అన్నాడు కొట్టాయన.

ఆవిడ అక్కడున్న సుద్దముక్క తీసుకుంది. విప్పి పక్కన పెట్టిన పాత టైరు మీద ఒక గుర్తు పెట్టి, నేల మీద సరిగ్గా ఒక చుట్టు దొర్లించి గీత గీసింది. కొత్త టైరునూ అక్కడి నుంచే అలాగే దొర్లించి ఇంకో గీత గీసింది. రెండు గీతల మధ్య అరచెయ్యి అడ్డంగా ఆనించింది. చెయ్యి పట్టి, ఇంకా రెండు వేళ్ల చోటు మిగిలింది.

"అరుగుదల పోనిచ్చినా బెత్తెడు తేడా అయ్యా. వెనక మనిషి కూర్చుంటే బండి కిందికి దిగుతుంది. టైరు మడ్‌గార్డు లోపలి రేకుకు రాసుకుంటుంది. కొండ మీద మలుపు మలుపుకీ రాసుకుని పేలిపోతుంది."

స్నేహితుడు నవ్వాడు. "ఇంజనీరమ్మగారు సెలవిచ్చారు. ఎవర్రా ఈవిడ, నిన్నే చూస్తోంది?"

కుర్రవాడు ఫోన్లోంచి తలెత్తలేదు.

"ఎవరో పిచ్చిది. కంపు భరించలేకపోతున్నాను, ముందు బయటికి పంపించండి."

ట్యూబులు ముంచే బకెట్లోని మురికినీళ్లను కొట్టాయన భార్య ఆ గీతల మీద గుమ్మరించింది. సగం ఆవిడ కాళ్ల మీదే పడ్డాయి. ఆవిడ లేచి వెళ్లగానే స్టూలును ఫినాయిల్ పెట్టి రెండుసార్లు తుడిచింది.

టైర్లు ఎక్కాయి. కొట్టాయనను వెనక కూర్చోబెట్టుకుని కుర్రాళ్లిద్దరూ వీధి చివరిదాకా వెళ్లొచ్చారు. స్పీడ్ బ్రేకర్ల మీద వెనక నుంచి గర్రుమని చప్పుడు వచ్చింది.

"కొత్త రబ్బరు కదా సార్. నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది."

అదేం చప్పుడో అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

అందరూ లోపలికి వెళ్లి టీ తాగుతుండగా బయట బుస్సుమంది. ఆ వెంటనే ఇంకోసారి.

వచ్చి చూస్తే కారు వెనక భాగం నేల మీద చతికిలబడి ఉంది. పక్కనే ముసలావిడ, చేతిలో దబ్బనం. పారిపోనైనా లేదు.

నేలకు ఆనే చోట గుచ్చితే అతుకు వేయొచ్చు. టైరు పక్క భాగంలో గుచ్చితే ఎంతటి మొనగాడూ అతకలేడు. నలభై ఏళ్లు పంక్చర్లు వేసిన మనిషికి ఆ సంగతి ఒకరు చెప్పాలా? రెంటికీ పక్కనే గుచ్చింది.

"పచ్చగా ఉంటే ఓర్వలేవుటే," అంటూ కొట్టాయన ఆవిడ మణికట్టు మెలిపెట్టాడు. పోలీసులకు ఫోన్ చేశాడు.

వచ్చిన కానిస్టేబులు కుర్రవాణ్ని అడిగాడు. "ఈవిడ నీకు తెలుసా?"

"తెలియదు."

కానిస్టేబులు ఆవిడ వైపు తిరిగాడు. "మరి ఈ పని ఎందుకు చేశావమ్మా?"

"చెబితే వినలేదు బాబూ," అంది. తనే వెళ్లి జీపెక్కి కూర్చుంది.

కుర్రవాడు తన చొక్కాకు మరకేమైనా అయిందా అని చూసుకున్నాడు.

కొండ ప్రయాణం ఆగిపోయింది.

మర్నాడు కొట్టాయన తిట్టుకుంటూనే టైర్లు విప్పాడు. లోపలి వైపు చుట్టూ వేలెడు మేర రబ్బరు చెక్కుకుపోయి ఉంది. వీధి చివరిదాకా వెళ్లొచ్చినందుకే అలా అయింది. ఇక కొండ ఎక్కి ఉంటే ఆ ముగ్గురూ ఏమయ్యేవారో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

తన మీద తనకే రోత పుట్టింది. అన్నం ముందు కూర్చుని, ముద్ద ఎత్తకుండా లేచి స్టేషన్‌కు వెళ్లాడు.

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండీ. ఆవిడేరి?"

"పొద్దున్నే వదిలేశాం. ఇక ఈ ఊళ్లో ఉండనని మూట కట్టుకుని బస్సెక్కింది," అన్నాడు కానిస్టేబులు.

"ఎక్కడికి?"

"చెప్పలేదు. ఒక్కటే బతిమాలింది, కాగితాల్లో తన ఇంటిపేరు రాయొద్దని."

"పంక్చర్లు వేసుకునే మనిషికి ఇంటిపేరు దాచుకునే పనేమిటండీ?"

కానిస్టేబులు కారు కాగితాలు అతని ముందుకు జరిపాడు. "ఆ కుర్రాడి ఇంటిపేరూ అదే. పిలిచి నిలదీస్తే తల దించుకున్నాడు."

రేపు మీరు ఈ కథ పదిమందికీ చెప్పండి, నాయనా. చెప్పేటప్పుడు ఆవిణ్ని పంక్చర్ ముసలిది అని మాత్రం అనకండి, ఆ కుర్రవాణ్ని కన్నతల్లి అనండి.