సాంచ ఆగితే మోగాలి

“సాంచ ఆగింది. నా ఫోను మోగలే. నువ్వు జెప్పిందేంది, చేసిందేంది సారూ?”

ఫోనులో భూదేవి గొంతు వణుకుతోంది. కోపమే అనుకున్నాడు వేణు. జగిత్యాలలో సాఫ్ట్‌వేర్ దుకాణం తెరిచాక అతనికి దొరికిన తొలి గిరాకీ ఆమె. మరమగ్గం, అదే సిరిసిల్లవాళ్ల సాంచ, ఆగిన మరుక్షణం యజమాని ఫోను మోగించే యాప్ చేసిచ్చాడు. మిగతా సాంచలవాళ్లంతా ఆమె ఏమంటుందా అని చూస్తున్నారు. ఒక్క చెడ్డమాట చాలు, దుకాణానికి తాళమే. సిరిసిల్లకు దొరికిన బస్సెక్కాడు. వేములవాడ దాటినా అదే భయం.

భయంతోపాటు ఒళ్లుమంట కూడా ఉంది. ఎన్ని షరతులు పెట్టిందని! పనివాడు అన్నానికి లేచినా మోగాలి, నీళ్లకు లేచినా మోగాలి. “మనిషన్నంక నీళ్లు తాగడా అమ్మా?” అనడిగితే, “తాగనీ. నాకు మాత్రం తెల్వాలె” అంది. బీడీలు చుట్టుకునే మనిషికి ఇంత దొరతనమా అనుకున్నాడు అప్పుడే.

భూదేవి గడపలోనే ఎదురైంది. లోపల ఉన్నది ఒక్కటే సాంచ, ఇప్పుడు లక్షణంగా నడుస్తోంది. దాని ముందు ఓ యువకుడు తలొంచుకుని నిలబడ్డాడు. పక్కన గిన్నెలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది.

“కార్ఖాన్ల బీడీలిచ్చి అచ్చేసరికి సప్పుడు లేదు. పాణం పోయినంత పనైంది” అంది.

వేణు తను బిగించిన పెట్టె విప్పి నాలుక కరుచుకున్నాడు. సాంచకున్న కరెంటు లైనుకే పెట్టెనూ తగిలించాడు. కరెంటు పోతే రెండూ కలిసే ఆగిపోతాయి.

“తప్పు నాదే అమ్మా. బ్యాటరీ పెడత. ఇగ కరెంటు పోయినా మోగుతది.”

“ఒట్టేనా?”

“ఒట్టు.”

ఆమె అక్కడే కూలబడింది. “రమేశా, సారుకు చాయ్ పట్టుకరాపో కొడుకా” అంది.

కొడుకా! వేణు విస్తుపోయాడు. రమేశ్ సాంచ ఆపి బయటికి నడిచాడు. ఆమె చేతిలో ఫోను మోగింది. ఎదురుగా చూస్తూ కూడా ఆమె ఉలిక్కిపడింది. కొడుకు వీధి మలుపు తిరిగేదాకా కళ్లు తిప్పలేదు.

యాప్ పనిచేసిందన్న ధైర్యంతో వేణుకు నోరు లేచింది. “కన్నకొడుకుకే గిట్ల కావలి గాస్తరా అమ్మా? గంటసేపు బట్ట నెయ్యకుంటే కొంపలేం మునుగయి గదా!”

భూదేవి కొంగుతో మొహం తుడుచుకుంది.

“బట్ట ఎవలికి గావాలె సారూ?” అంది. మళ్లీ వీధి మలుపు వైపు చూసింది.

“మా పెద్దోడు, రమేశ్ వాళ్లన్న, సాంచ బందువెట్టి పాణం దీసుకున్నడు.”