దక్షిణపు గాలి మేడ

ఓబులేసు మేడ అమ్మకం ప్రకటన రాసిన కాగితం చదివి, మడిచి, మళ్లీ విప్పాడు.

“ఏందిన్నా ఇది? దక్షిణం వాకిలి అని మొదట్లోనే రాసినావే!”

“దక్షిణం వాకిలి అని యాడ రాసినా? ‘దక్షిణపు గాలికి ఎదురేగే సింహద్వారం’ అని రాసినా,” అన్నాడు శాంతయ్య.

“రెండూ ఒకటే గదా?”

“ఒకటే అయితే నాతో ఎందుకు రాయిస్తాండావప్పా?”

ఓబులేసు కాగితం మళ్లీ మడిచాడు. నంద్యాలలో సన్మాన పత్రాలూ, పోయినవాళ్ల సుగుణాలూ రాసేది శాంతయ్యే. బతికుండగా ఇంట్లోవాళ్లకు కూడా కనబడని సుగుణాలు ఆయన కలానికి కనబడేవి. అలాంటివాడికి ఒక మేడ ఎంత?

నంద్యాలలోని ఆ మేడ ఓబులేసుది, ఆయన ఉండేది ఆళ్లగడ్డలో. కర్నూలు రాజధాని అయిన కొత్తలో, పెద్ద పెద్ద ఆఫీసర్లు అక్కడ పట్టక నంద్యాల దాకా పొంగి పొర్లుతారని నమ్మి కట్టించాడు. ప్లాను గీసింది మద్రాసు ఇంజనీరు. ఆయనకు అందం తెలుసు, దిక్కులు తెలియవు. దక్షిణాన వాకిలి, నైరుతి మూలన బావి, నేరుగా వచ్చి గేటులోకి గుచ్చుకునే వీధిపోటు. గృహప్రవేశం నాడు ఓబులేసు భార్య రంగనాయకమ్మ గడప బయటే నిలబడిపోయింది.

“యముడికి ఎదురుగా వాకిలి పెట్టి నన్ను లోపలికి రమ్మంటాండావా?” అని బండి వెనక్కి తిప్పించుకుంది.

కొన్నాళ్లకు రాజధాని కూడా బండి తిప్పుకుని హైదరాబాదు వెళ్లిపోయింది. మేడ మిగిలింది.

ఆళ్లగడ్డలో ఓబులేసు నూనె మిల్లుకు గోడలు లేచాయి. లోపలికి యంత్రం రావాలంటే నంద్యాల మేడ అమ్ముడుపోవాలి. శిరివెళ్లలో బావమరిది మిల్లుకు అప్పుడే కప్పు కూడా పడింది. ముందు ఎవరి మిల్లు తిరిగితే చుట్టుపక్కల వేరుశనక్కాయలన్నీ వాళ్లవే. ఓబులేసుకు అన్నం సయించడం లేదు.

“దోషాలు చెప్పకుండా దాస్తే పోదా అన్నా?”

శాంతయ్య కళ్లద్దాలు తుడుచుకున్నాడు. పెద్ద మాట అనబోయే ముందు ఆయన అవి తుడుచుకుంటాడు.

“అది పాత పద్ధతి. మనస్తత్వ శాస్త్రం వేరే చెప్తాంది. దాచిన లోపం దయ్యమంత కనబడుతుంది. హాల్లో కూర్చోబెట్టి దండ వేస్తే చుట్టమైపోతుంది. అయినా మనిషి కొనేది ఇల్లు కాదప్పా. మిద్దె మీద చేతులు కట్టుకోని నిలబడిన తన బొమ్మను కొంటాడు.”

ఓబులేసుకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అందుకే గౌరవం పెరిగింది.

ప్రకటన పత్రికలో పడింది. ‘తిన్నగా నడిచొచ్చి మీ గేటు ముందే తలవంచే వీధి. నైరుతి మూలన నడివేసవిలోనూ ఇంకని బావి.’ చదివినవాళ్లు శైలిని మెచ్చుకున్నారు. కొందరు కత్తిరించి దాచుకున్నారు. మేడ వైపు మాత్రం ఎవరూ రాలేదు. అంతకుముందు పడిన ప్రకటనల సంగతీ అంతే. జనం మూఢనమ్మకాలు తలచుకుని శాంతయ్య తీరిగ్గా జాలిపడ్డాడు.

చివరికి ఒకడొచ్చాడు. కాలువ పనుల కంట్రాక్టరు సామ్యేలు.

“వాస్తూ గీస్తూ మాకు పట్టింపు లేదన్నా. గోడలు గట్టిగుంటే చాలు,” అన్నాడు ఓబులేసుతో.

శాంతయ్య సామ్యేలు వెనకే అడుగులో అడుగు వేశాడు. తన ప్రకటన చదివి ఒక మనిషి గడప దాటాడు మరి.

సామ్యేలు గోడలు తట్టి చూశాడు. టేకు తలుపులు చేత్తో నిమిరాడు. పైకెక్కి, మిద్దె మీద చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శాస్త్రం నిజమైనందుకు ఓబులేసు శాంతయ్య వైపు భక్తిగా చూశాడు.

“ఈ పడక్కుర్చీ కూడా ఇంటితోపాటేనా?” అని అడిగాడు సామ్యేలు.

“అది కాదు,” అన్నాడు శాంతయ్య చటుక్కున.

“సరేలే. మా ఇంటామెకు నిద్ర రాని జబ్బు ఓబులేసన్నా. సద్దు లేని ఇల్లు చూసుకోమన్నాడు డాక్టరు. ఈడ బాగుంది. ఇంక ధర మాట్లాడుకుందాం.”

“ఆమెకు ఇంతకంటే మంచి ఇల్లు యాడ దొరుకుతుందప్పా!” శాంతయ్య ఉత్సాహంగా అందుకున్నాడు. “పక్కనే పత్తి మిల్లు. ఇప్పుడు మూసినారు గానీ, పత్తి రావడం మొదలైతే తెల్లార్లూ ఆడుతుంది. మొదట్లో గోడలు అదిరినట్టుంటుంది. అలవాటైతే జోలపాటే అనుకో!”

సామ్యేలు కట్టుకున్న చేతులు విప్పాడు. మళ్లీ కనబడతానని జీపెక్కాడు.

“నోరు మూసుకోని ఉండింటే అయిపోయేది గదన్నా!” ఓబులేసు తల పట్టుకున్నాడు. “మిల్లు సంగతి నిన్నెవరడిగినారు?”

శాంతయ్య నొచ్చుకున్నాడు. “కలం పట్టినోణ్ణి, మోసం చేయలేనప్పా. నిద్ర లేని ఆడమనిషి ఉసురు నీకు తగలాల్నా?”

ఓబులేసు మెత్తబడ్డాడు. ఎదుటివాడి మంచితనం చూస్తే ఆయన కోపం నిలవదు.

“సరే, ఇంకోటి రాయి. బేగా రాయి. ఈసారి ఇంకా గట్టిగుండాల.”

“రాస్తా. గుడి ధ్వజస్తంభం నీడ సాయంత్రం వచ్చి మన మిద్దెను తాకుతుంది చూడు, ఆ అందం ఇంతవరకూ రాయనే లేదు.”

ఓబులేసు దండం పెట్టి ఆళ్లగడ్డ బస్సుకు పరుగెత్తాడు.

శాంతయ్య గేటుకు లోపలినుంచి గొళ్లెం పెట్టి, నిదానంగా పైకెక్కి, అమ్ముడుపోయేదాకా అద్దె లేకుండా కాపలా ఉండమని ఓబులేసు తనకు అప్పగించిన ఆ మేడ మీద, తన పడక్కుర్చీలో వాలి, దక్షిణపు గాలికి కళ్లు మూసుకున్నాడు.