డాక్టరు వద్దన్న పట్టు

"ఎడమ మోకాలు కాస్త అరిగింది, అంతే. భయమేం లేదు," అన్నాడు ఎముకల డాక్టరు.

నాకు ప్రాణం లేచొచ్చింది. మా జియుజిట్సు కుస్తీ క్లాసులో కుర్రాళ్లు తలకిందులుగా దొర్లి ఎదుటివాడి కాలు మెలేస్తున్నారు. నేనేమో ఇంకా మీదెక్కి మెడ బిగించే కాలంలోనే ఉన్నాను. నన్ను పాత క్యాసెట్ అంటారు వెధవలు. వచ్చే నెల పోటీకల్లా ఆ కాలిమెలిక నేర్చి వాళ్ల నోళ్లు మూయించాలని నా పంతం.

అదే డాక్టరుకి చెప్పాను.

"పోటీయా? ఏ విభాగం?"

"యాభై దాటినవాళ్లదండీ."

ఆయన మళ్లీ నా మోకాలు పట్టుకున్నాడు. ఈసారి మొహం సీరియస్‌గా పెట్టాడు.

"కొత్త పట్టుల జోలికి పోకండి. మీ వయసుకి పాతవే మంచివి. ఇంతకీ ఎటు తిప్పితే నొప్పి?"

"లోపలికి తిప్పితే మాత్రం చుక్కలు కనిపిస్తాయండీ."

ఇంత ఓపిగ్గా అడిగే డాక్టరు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు! ఆయన మాట జవదాటకుండా నెలంతా పాత పట్టులకే సానబెట్టాను.

పోటీనాడు మా విభాగంలో పేరిచ్చింది ఇద్దరమే. రెండో ఆయన బెల్టు బిగించుకుంటూ మ్యాట్ మీదికొచ్చాడు. తెల్లకోటు లేకపోయేసరికి పోల్చుకోవడానికి క్షణం పట్టింది.

నమస్కారం పెట్టేలోపే తలకిందులుగా దొర్లి నా ఎడమకాలు చంకలో ఇరికించుకున్నాడు. లోపలికే తిప్పాడు. ఓడిపోయానని మ్యాట్ మీద చేత్తో దబదబా కొట్టాను.

వెంటనే వదిలేసి, మోకాలు ఆప్యాయంగా నొక్కి చూశాడు.

"చెప్పానా, ఈ పట్టు మీ ఒంటికి పడదని? రేపొచ్చి కనబడండి."