బూందీ తోక

"రెండూ మగ గెకో బల్లులే. ఒకే తొట్టెలో పెట్టమని ఎవరు చెప్పారు?" అంది అమెరికాలో ఫ్రీమాంట్‌లోని జంతువుల డాక్టరమ్మ, బూందీకి తోక తెగినచోట మందు రాస్తూ.

చక్రపాణి పెళ్లి కుదిర్చిన పెద్దమనిషిలా సర్దుకు కూర్చున్నాడు. "నేనే తెచ్చి పెట్టాను, డాక్టర్. ఒంటరి బల్లి దిగులు పడుతుందని లడ్డూని తోడు తెచ్చాను. కొత్తలో కొట్టుకోవడం మామూలేగా! సర్దుకుంటాయి."

"తెచ్చి ఎన్నాళ్లయింది?"

"రెండేళ్లు. కూర్చోబెట్టి నచ్చజెప్పాను కూడా. అప్పట్నుంచీ బూందీ తిండి తగ్గించేసి, ఓ మూల బుద్ధిగా పడుంటోంది."

"అది బుద్ధి కాదు, భయం. ఇవి సర్దుకోవు. ఇవాళే విడదీయండి."

అంతసేపూ బూందీనే చూస్తున్న అతని భార్య త్రివేణి అప్పుడు నోరు విప్పింది. "తోక మళ్లీ వస్తుందా డాక్టర్?"

"వేరుగా ఉంచితే వస్తుంది."

దారిలో ఇంకో తొట్టె కొని కార్‌లో పెట్టాక చక్రపాణికి హుషారొచ్చింది. "దీన్ని ఆ ఖాళీ బెడ్‌రూమ్‌లో పెట్టేద్దాం."

"వద్దండీ," అంది త్రివేణి, బూందీ ఉన్న డబ్బాని ఒళ్లోకి తీసుకుంటూ. "ఆ గది నాకు కావాలి."