సబ్బు నల్లబడేదాకా

భీమశంకర్ తనకి చేసిన అన్యాయం గురించి తవిటయ్య తనుండే బారిడీహ్‌లో చెప్పని మనిషి లేడు.

అదే ఊళ్ళో కద్మా పేటలో భీమశంకర్ ఇంటి కారు షెడ్డులో రెండేళ్ళపాటు ఇద్దరూ కలిసి కట్టిన చిన్న విమానం అది. పత్రికవాళ్ళు ఫొటో తియ్యడానికి వచ్చిన రోజున "మన విమానం" కాస్తా "నా విమానం" అయిపోయింది. ముక్కు పక్కన ఇత్తడి పలక వెలిసింది. దాని మీద ఒక్క పేరే ఉంది.

తవిటయ్య ఆరో తరగతిలో బడి మానేసి సుత్తి పట్టిన డెంటింగ్ మిస్త్రీ. సొట్టపడ్డ కారు తలుపుల్ని ముప్ఫై ఏళ్ళుగా సాపు చేస్తున్నాడు. భీమశంకర్ రిటైరైన ఇంజనీరు. నక్షా గీసింది ఆయనే. కానీ రెక్క లోపల పక్కటెముకల్లా నిలబడే పట్టీలు ఆయన చేతిలో వంపు దగ్గర చిట్లిపోయేవి. వరసగా పదకొండు చిట్లాయి.

అప్పుడు తవిటయ్య సాల చెక్కతో అచ్చు చెక్కాడు. అల్యూమినియం రేకుకి బట్టల సబ్బు రుద్ది, సబ్బు నల్లబడేదాకా గ్యాసు మంట చూపించాడు. చల్లారాక అచ్చు మీద పెట్టి కొయ్యసుత్తితో కొడితే రేకు రొట్టెపిండిలా ఒదిగింది. ఎలా చేశావని భీమశంకర్ ఎన్నిసార్లు అడిగినా, అదంతా చేతి పని అని తప్పించుకున్నాడు. ఏ మిస్త్రీ తన కిటుకు చెప్పుకుంటాడు?

మొదటిసారి ఎగరేసే ఆదివారం పొద్దున్న, తన దుకాణంలో మిగిలిపోయిన పట్టీ ఒకటి కాలికి తగిలింది. తవిటయ్య ఊరికే తీసి నొక్కాడు. వంగింది. వదిలితే మళ్ళీ లేవలేదు. మంట చూపని ముక్కని నొక్కాడు. టంగున లేచింది.

కారు రేకులాగే ఇదీ సుత్తి దెబ్బలు తింటే గట్టిపడుతుందనుకున్నాడు. రెక్కల్లో ఇలాంటి పట్టీలు ఇరవై రెండు ఉన్నాయి. వాటి మీద రేకు, రివెట్లు, రంగు.

"నీ పేరెయ్యనోడికి నువ్వేటి సెప్తావు? కూకో" అంది భార్య జోగమ్మ. ఏడాదిన్నరగా ఆ విమానం ఊసెత్తితేనే ఆమె మొగుడి మీద మండిపడుతోంది.

తవిటయ్య కూర్చోలేదు. స్కూటర్ మీద ఊరి బయట మైదానానికి దూసుకెళ్ళాడు. భీమశంకర్ భార్య జానకీదేవి అప్పటికే విమానానికి కొబ్బరికాయ కొట్టేసింది. భీమశంకర్ లోపల కూర్చుని బెల్టు బిగించుకుంటున్నాడు.

"దిగిపోండి బాబూ. రెక్క మెత్తబడిపోనాది. నానే మెత్తబెట్టినాను."

సబ్బు సంగతంతా చెప్పేశాడు. భీమశంకర్ నవ్వాడు.

"రెండేళ్ళు అడిగినా చెప్పనివాడివి, ఇవాళ నోరు వచ్చిందా? పలక మీద పేరు లేదనే కదూ నీ బాధ?"

చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. ఆయన ఇంజను తాళం మీద చెయ్యి వేశాడు.

తవిటయ్య స్కూటర్ డిక్కీలోంచి రేకు కత్తెర తీశాడు. వెనకంచున మొదలుపెట్టి రెక్కని మూరెడు పొడుగునా చీల్చేశాడు. "పాగల్ హో గయా క్యా" అంటూ, పిచ్చివాణ్ణి పట్టినట్టు ఎవరో మెడ పట్టి లాగి కింద పడేశారు.

భీమశంకర్ దిగాడు. చీలికలో చెయ్యి పెట్టి, లోపలి పట్టీని బొటనవేలితో నొక్కాడు. అది వంగి, అలాగే ఉండిపోయింది. ఆయన చెయ్యి తీసుకుని రుమాలుతో తుడుచుకున్నాడు. చీలిన రేకుని కిందికి నొక్కి మూశాడు.

జానకీదేవి మాత్రం ఊరుకోలేదు. తవిటయ్య ముందుకొచ్చి నిలబడింది.

"ఆయన రెండేళ్ళ కష్టం నాశనం చేశావు. పోతే ఆయనది పోయింది. నీకేం పోయింది తవిటయ్యా?"

భీమశంకర్ తల దించుకున్నాడు. తవిటయ్య లేచి మోకాళ్ళకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు.

తవిటయ్యకి పోయింది, సగం వాటా నీదేనన్న భీమశంకర్ మాట నమ్మి, ఆ విమానానికి రేకంతా కొనడానికి సొంతూరు టెక్కలి దగ్గర అమ్మి, ఆ డబ్బు ఆయన చేతిలో పెట్టిన అరవై రెండు సెంట్ల మాగాణి.