వీపు మీది దేవుడు

నూకరాజు కాలి మీద ఎప్పుడో కాలిన పుండు, మానక మానక ముప్పై ఏళ్ళకి క్యాన్సరైంది.

"పుండంతా లోతుగా కోసేసి, వీపు నుంచి కండా చర్మం తీసి అక్కడ అతికించాలి. లేదంటే కాలే తీసెయ్యాలి," అన్నాడు రాయ్‌పూర్ డాక్టరు.

నూకరాజు బనియన్ కిందికి లాక్కున్నాడు. "వీపు మీద హిందీలో హనుమంతుడి పేరు పచ్చబొట్టుంది సార్. దేవుణ్ణి కాలికి అతికిస్తారా? నాకొద్దు."

అప్పటికే వీపు చూసిన డాక్టరు, పక్కనున్న అతని భార్య వైపు చూశాడు.

"కోసెయ్యండి సార్," అంది భార్య చిన్నమ్మ. "అది దేవుడి పేరు కాదు. ఎవరో ఆడమనిషి పేరు, ఫూల్‌బాసన్."

నూకరాజు ఆమె వైపు తిరిగాడు. "నీకు హిందీ సదవడం ఎప్పుడొచ్చింది?"

"కాపురానికొచ్చిన ఏడే, ఇక్కడి గుఢియారీ బజార్లో బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇన్నేళ్ళూ ఈ కాలికి కట్లు నేనే కట్టాను. ఇకమీదట ఆవిడ చూసుకుంటాది."